ఇల్లు అమ్మే ముందు: కొలత, కాగితం, లెక్క



'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అన్న సామెత మీరు వినే ఉంటారు. రెండూ కష్టమైన పనులని దాని భావం. ఇల్లు అమ్మడం గురించి మాత్రం ఆ సామెత ఏమీ చెప్పదు. అమ్మడంలో ఏముంది, కొనేవాళ్లు దొరికితే డబ్బు తీసుకుని సంతకం పెట్టడమే కదా అని చాలామంది అనుకుంటారు. అలా అనుకోవడం వల్లనే ఒక కుటుంబం ఇరవై ఏళ్లు కూడబెట్టినది రెండు మూడు నెలల్లో చేజారిపోయే ప్రమాదం ఉంది.

ప్రయోగశాలలో ఒక ప్రయోగం తప్పితే మళ్లీ చేస్తాం. రెండోసారి పొరపాటు తగ్గుతుంది, మూడోసారి ఇంకా తగ్గుతుంది. కానీ ఒక సామాన్య కుటుంబం జీవితంలో ఇల్లు అమ్మేది ఒక్కసారి, మహా అయితే రెండుసార్లు. అనుభవం వచ్చేలోగా పని అయిపోతుంది. అందువల్ల ఇక్కడ అనుభవం చేయాల్సిన పనిని ఆలోచన చేయాలి.

ఇది పెద్దవాళ్ల విషయం, మాకెందుకు అని మీరు అడగవచ్చు. మీ పై చదువుల కోసం, ఇంట్లో ఒకరి వైద్యం కోసం, అక్క పెళ్లి కోసం, ఉద్యోగరీత్యా ఊరు మారడం కోసం ఇళ్లు అమ్ముతుంటారు. అప్పుడు ఇంగ్లీషులో ఉన్న బ్యాంకు ఉత్తరం చదవగలిగేదీ, శాతాలు లెక్క కట్టగలిగేదీ, వెబ్‌సైట్‌లో వివరాలు వెతకగలిగేదీ చాలా ఇళ్లలో మీరే. కాబట్టి ఈ పాఠం మీకు అవసరమే.

ఈ పాఠంలో మనం గుర్తుంచుకోవలసిన ముఖ్య విషయం ఒకటే. ఇల్లు అమ్మకంలో నష్టం రిజిస్ట్రేషన్ తర్వాత బయటపడుతుంది. కానీ దానికి కారణమైన పొరపాటు అంతకు ముందే, సరిగా కొలవకపోవడం వల్లనో, కాగితం చూసుకోకపోవడం వల్లనో, లెక్క వేసుకోకపోవడం వల్లనో జరిగిపోయి ఉంటుంది. ఈ మూడింటినీ వరుసగా చూద్దాం.

1. ధర ఎలా నిర్ణయించాలి?

ఒక ఇంటికి మూడు ధరలు ఉంటాయి. మొదటిది రిజిస్ట్రేషన్ శాఖ ఆ ప్రాంతానికి నిర్ణయించిన ప్రభుత్వ విలువ. రెండోది యజమాని అడిగే ధర. మూడోది కొనేవాళ్లు నిజంగా చెల్లించే ధర. యజమాని చేతిలో ఉన్నది రెండోది మాత్రమే. చిక్కు అక్కడే మొదలవుతుంది.

మన మనసు ధరను కొలిచే విధానంలో లోపాలున్నాయి. దీని మీద శాస్త్రవేత్తలు ప్రయోగాలు చేశారు. 1990లో డేనియల్ కానమన్, జాక్ నెచ్, రిచర్డ్ థేలర్ ఒక ప్రయోగ ఫలితాలు ప్రచురించారు. తరగతిలో సగం మంది విద్యార్థులకు ఒక్కొక్క కాఫీ కప్పు ఇచ్చారు. మిగిలినవారికి ఇవ్వలేదు. కప్పు ఉన్నవాళ్లు ఎంతకు అమ్ముతారో, లేనివాళ్లు ఎంతకు కొంటారో అడిగారు. అమ్మేవాళ్లు అడిగిన ధర కొనేవాళ్లు ఇస్తామన్న ధరకు సుమారు రెట్టింపు ఉంది. కొన్ని నిమిషాల క్రితం చేతికి వచ్చిన కప్పు విషయంలోనే ఇలా ఉంటే, పిల్లలు పుట్టి పెరిగిన ఇంటి విషయంలో ఎలా ఉంటుందో ఊహించండి. 'మనది' అన్న భావన విలువను పెంచి చూపిస్తుంది. కొనేవాళ్లు ఆ భావనకు డబ్బు చెల్లించరు.

రెండో లోపం, మొదట విన్న అంకె దగ్గర మనసు ఆగిపోవడం. 1987లో గ్రెగరీ నార్త్‌క్రాఫ్ట్, మార్గరెట్ నీల్ అమెరికాలోని అరిజోనా రాష్ట్రం టూసన్ నగరంలో విద్యార్థులకూ, అనుభవం ఉన్న స్థిరాస్తి ఏజెంట్లకూ ఒకే ఇంటిని చూపించారు. ఇంటి వివరాలన్నీ ఒకటే. యజమాని అడుగుతున్న ధర మాత్రం కొందరికి ఎక్కువగా, కొందరికి తక్కువగా చెప్పారు. ఎక్కువ ధర విన్నవాళ్లు ఇంటి విలువ ఎక్కువని, తక్కువ ధర విన్నవాళ్లు తక్కువని అంచనా వేశారు. ఏజెంట్లూ దీనికి అతీతులు కాలేదు. పైగా చాలామంది ఏజెంట్లు తాము ఆ ధరను లెక్కలోకి తీసుకోలేదనే చెప్పారు. 'పక్క వీధిలో కోటి పలికిందట' అన్న మాట చెవిన పడినప్పుడు మన ఇళ్లలో జరిగేదీ ఇదే.

మూడోది కొన్న ధర. డేవిడ్ జెనెసోవ్, క్రిస్టఫర్ మేయర్ బోస్టన్ నగరంలో 1990ల నాటి అపార్ట్‌మెంట్ అమ్మకాలను పరిశీలించి 2001లో ఫలితాలు ప్రచురించారు. ధరలు పడిపోయిన కాలంలో, కొన్న ధర కంటే తక్కువకు అమ్మవలసి వచ్చినవాళ్లు మిగతావాళ్ల కంటే ఎక్కువ ధర అడిగారు. వాళ్ల ఫ్లాట్లు ఎక్కువ కాలం అమ్ముడుపోకుండా ఉన్నాయి. మనం ఎంతకు కొన్నామన్నది కొనేవాళ్లకు అనవసరం. అది మన లెక్క, మార్కెట్ లెక్క కాదు.

మరి సరైన కొలత ఏది? స్థలం, కట్టడం విడదీసి చూడాలి. ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. 150 చదరపు గజాల స్థలంలో 25 ఏళ్ల నాటి 900 చదరపు అడుగుల ఇల్లు ఉంది. ఆ వీధిలో గత ఏడాదిలో జరిగిన నాలుగైదు అమ్మకాలను బట్టి గజం 40,000 రూపాయలు అనుకుందాం. స్థలం విలువ 60 లక్షలు. అటువంటి ఇల్లు ఇప్పుడు కట్టాలంటే చదరపు అడుగుకు 2,000 చొప్పున 18 లక్షలు అవుతుందనుకుందాం. కట్టడం ఆయుష్షు 60 ఏళ్లు అనుకుంటే మిగిలింది 35 ఏళ్లు. అంటే 18 లక్షల్లో 60కి 35 వంతులు, 10.5 లక్షలు. మొత్తం 70.5 లక్షలు. స్థలం విలువ తగ్గకపోవచ్చు గాని కట్టడం విలువ ఏటా తరుగుతుంది. ఇటీవల వేయించిన పాలరాయికి పెట్టిన ఖర్చంతా ధరలో తిరిగి వస్తుందని అనుకోకూడదు. అపార్ట్‌మెంట్ ఫ్లాటు అయితే స్థలంలో మీకు వచ్చే అవిభాజ్య వాటా ఎన్ని గజాలో దస్తావేజులో చూడాలి. ఒకే విస్తీర్ణం ఉన్న రెండు ఫ్లాట్ల ధరల్లో తేడాకు అదీ ఒక కారణం.

ఎక్కువ ధర అడిగి ఆగితే పోయేదేమిటి? పై ఇంటికి యజమాని 85 లక్షలు అడిగి, వచ్చిన 70 లక్షల బేరం కాదన్నారనుకోండి. ఇల్లు ఖాళీగా ఉంది. 14 నెలల తర్వాత 72 లక్షలకు అమ్మారు. రెండు లక్షలు లాభమని సంతోషించారు. కానీ ఆ 70 లక్షలు 7 శాతం సాధారణ వడ్డీకి బ్యాంకులో ఉంటే 14 నెలల్లో సుమారు 5.7 లక్షలు వచ్చేవి. అంటే ఆయన పోగొట్టుకున్నది 3.7 లక్షలు. ఇంటి పన్ను, మరమ్మతులు దీనికి అదనం. ఆ ప్రాంతంలో ధరలు వడ్డీ కంటే వేగంగా పెరుగుతున్నప్పుడు ఆగడంలో అర్థం ఉంది. ఆ సంగతి ముందుగా లెక్క వేసి తెలుసుకోవాలి, ఆశపడి కాదు.

ఇక మధ్యవర్తి సంగతి. బ్రోకరు సాయం అవసరమే. కానీ ఆయన ప్రయోజనం, యజమాని ప్రయోజనం పూర్తిగా ఒకటి కావు. కమీషను ఒక శాతం అనుకుందాం. ఇల్లు ఈరోజు 70 లక్షలకు పోతే ఆయనకు 70,000. రెండు నెలలు తిరిగి 73 లక్షలకు అమ్మితే యజమానికి 3 లక్షలు అదనం, ఆయనకు 3,000 అదనం. ఆ 3,000 కోసం రెండు నెలలు ఎందుకు తిరుగుతాడు? స్టీవెన్ లెవిట్, చాడ్ సివర్సన్ 2008లో ప్రచురించిన అధ్యయనంలో షికాగో ప్రాంతంలోని సుమారు లక్ష ఇళ్ల అమ్మకాలను చూశారు. ఏజెంట్లు తమ సొంత ఇళ్లను ఇతరుల ఇళ్ల కంటే సుమారు 9.5 రోజులు ఎక్కువ కాలం మార్కెట్లో ఉంచి, సుమారు 3.7 శాతం ఎక్కువ ధరకు అమ్ముకున్నారని తేలింది. బ్రోకరు మాట వినండి. ధర నిర్ణయం మాత్రం మీ లెక్క ప్రకారం చేయండి.

2. స్థలాన్ని నిజంగా కొలవండి

దస్తావేజులో ఉన్న విస్తీర్ణం, నేల మీద ఉన్న విస్తీర్ణం ఒకటే అని అనుకోకూడదు. రోడ్డు వెడల్పులో కొంత పోయి ఉండవచ్చు. పక్కవాళ్ల గోడ జరిగి ఉండవచ్చు. కొనేవాళ్లు టేపు తెచ్చి కొలిచిన రోజున తేడా బయటపడితే బేరంలో మీ చెయ్యి కిందవుతుంది. ముందే కొలుచుకుంటే ఆ ఇబ్బంది ఉండదు.

యూనిట్లు గుర్తుంచుకోండి. ఒక చదరపు గజం 9 చదరపు అడుగులు. ఆంధ్ర జిల్లాల్లో వాడే సెంటు 48.4 చదరపు గజాలు. తెలంగాణలో వాడే గుంట 121 చదరపు గజాలు. ఎకరానికి 100 సెంట్లు లేదా 40 గుంటలు, అంటే 4,840 చదరపు గజాలు.

ఇక్కడ మీ గణితం పనికివస్తుంది. ఎదురెదురు భుజాల సగటులను గుణించి విస్తీర్ణం చెప్పే అలవాటు చాలాచోట్ల ఉంది. మూలలు లంబకోణాలు అయితేనే అది సరైన జవాబు. కాకపోతే ఎప్పుడూ అసలు కంటే ఎక్కువే చూపిస్తుంది. ఒక స్థలం భుజాలు 40, 30, 40, 30 అడుగులు అనుకోండి. పై పద్ధతిలో 1,200 చదరపు అడుగులు వస్తుంది. కర్ణం కొలవండి. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం అది 50 అడుగులు ఉంటేనే మూల లంబకోణం. కర్ణం 46 అడుగులు వచ్చిందనుకుందాం. అప్పుడు స్థలాన్ని 40, 30, 46 అడుగుల భుజాలున్న రెండు త్రిభుజాలుగా విడదీసి హెరాన్ సూత్రం వాడాలి. ఒక్కో త్రిభుజం సుమారు 592.3 చదరపు అడుగులు, రెండూ కలిపి 1,184.5. తేడా 15.5 చదరపు అడుగులు, అంటే 1.7 గజాలు. గజం 40,000 అయితే ఆ తేడా విలువ సుమారు 69,000 రూపాయలు. తరగతిలో నేర్చుకున్న సూత్రం విలువ ఇదీ!

ఫ్లాట్ల విషయంలో కార్పెట్ ఏరియా, బిల్టప్ ఏరియా, సూపర్ బిల్టప్ ఏరియా అనే మాటలు వినిపిస్తాయి. కార్పెట్ ఏరియా అంటే గోడల లోపల వాడుకోగల నేల. దానికి గోడల మందం, బాల్కనీ కలిపితే బిల్టప్. మెట్లు, లిఫ్టు, వరండాల్లో వాటా కూడా కలిపితే సూపర్ బిల్టప్. ఏ లెక్కన ధర చెబుతున్నారో ప్రకటనలోనే స్పష్టంగా రాయాలి.

3. అమ్మే హక్కు ఎవరిది?

కాగితాల్లో మొదట చూడవలసింది ఇది. ఇల్లు నాన్నగారి సొంత సంపాదన, ఆయన పేరునే రిజిస్టర్ అయి ఉంటే సమస్య తక్కువ. తాతగారి నుంచి వచ్చినదైతే, లేదా వీలునామా రాయకుండా పోయినవారి పేరున ఉంటే వారసులందరినీ లెక్కించాలి.

హిందూ వారసత్వ చట్టం వర్తించే కుటుంబాల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఆడపిల్లల వాటాను మరిచిపోవడం. 'పెళ్లప్పుడు కట్నం ఇచ్చాం కదా' అన్న మాట చట్టం ముందు నిలవదు. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు కుమారుడితో సమాన హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టాన్ని సవరించింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అది అమల్లోకి వచ్చింది. అయితే అప్పటికే పెళ్లయినవారికి అది వర్తించలేదు. 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ పెళ్లితో సంబంధం లేకుండా ఆ హక్కును దేశమంతటికీ ఇచ్చింది. ఆ తేదీ నాటికి తండ్రి జీవించి ఉండనవసరం లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2004 డిసెంబరు 20కి ముందే చట్టబద్ధంగా జరిగిన పంపకాలను మాత్రం ఈ సవరణ తిరగదోడదు. మేనత్తలు, అక్కచెల్లెళ్ల సంతకం లేకుండా అమ్మితే కొన్నేళ్ల తర్వాత దావా రావచ్చు. అప్పుడు కొన్నవాళ్లు అమ్మినవాళ్లనే పట్టుకుంటారు. డబ్బుతో పాటు బంధుత్వమూ పోతుంది.

వారసుల్లో 18 ఏళ్లు నిండనివారి సొంత ఆస్తి ఉంటే మరో జాగ్రత్త కావాలి. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం తల్లిదండ్రులైనా సరే కోర్టు అనుమతి లేకుండా దాన్ని అమ్మకూడదు. అమ్మితే, ఆ పిల్లవాడు పెద్దవాడయ్యాక ఆ అమ్మకాన్ని రద్దు చేయమని కోరవచ్చు.

తర్వాత చూడవలసినది ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. వాడుకలో ఈసీ అంటాం. ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్టర్డ్ లావాదేవీలు ఇందులో ఉంటాయి. తెలుగు రాష్ట్రాల రిజిస్ట్రేషన్ శాఖల వెబ్‌సైట్లలో 1983 నుంచి వివరాలు చూడవచ్చు. రిజిస్టర్ కాని వీలునామాలు, నోటిమాట పంపకాలు ఇందులో కనిపించవు. అందువల్ల ఈసీ ఒక్కటే చాలదు. లింకు డాక్యుమెంట్లు, ఇంటి పన్ను రశీదులు, భవన నిర్మాణ అనుమతి కూడా ఉండాలి. అలాగే మీ సర్వే నంబరు పొరపాటున రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలో చేరిందేమో చూసుకోవాలి. దాన్ని తీయించడానికి నెలలు పట్టవచ్చు. కొనేవాళ్లు వచ్చాక తెలిస్తే బేరం పోతుంది.

ఇంటి మీద బ్యాంకు అప్పు ఉందా? తీర్చేశాం కదా అని ఊరుకోకండి. అప్పు తీసుకున్నప్పుడు అసలు దస్తావేజులు తనఖా పెట్టినట్టు రిజిస్టర్ అయి ఉంటే, విడుదల పత్రం రిజిస్టర్ అయ్యేవరకు ఈసీలో అప్పు కనిపిస్తూనే ఉంటుంది. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో అసలు పత్రాలు తిరిగి ఇవ్వాలనీ, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలనీ రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరులో ఆదేశించింది. ఆ ఏడాది డిసెంబరు 1 నుంచి ఇది అమల్లోకి వచ్చింది. చాలామందికి ఈ సంగతి తెలియదు.

లోపాలను దాచడం గురించి కూడా ఒక మాట. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, మామూలు పరిశీలనలో కొనేవాళ్లకు కనిపించని ముఖ్యమైన లోపం తమకు తెలిసి ఉంటే అమ్మేవాళ్లు చెప్పి తీరాలి. చెప్పకపోవడం మోసం కిందికి వస్తుంది. గోడ పగులుకు రంగు పూసి దాచేకంటే చెప్పి కొంత ధర తగ్గించుకోవడం చవక.

4. ఒప్పందం, బయానా, రిజిస్ట్రేషన్

ధర కుదిరాక అమ్మకపు ఒప్పందం రాసుకుంటారు. బయానా ఎంత, మిగతా సొమ్ము ఏ తేదీలోగా ఇవ్వాలి, ఇవ్వకపోతే బయానా ఏమవుతుంది, బకాయి పన్నులు ఎవరు కట్టాలి, స్వాధీనం ఎప్పుడు ఇస్తారు అన్నవి ఒక్కొక్కటి రాయాలి. గడువు రాయని ఒప్పందం అమ్మేవాళ్ల కాళ్లకు సంకెల. ఒప్పందం అయ్యాక వేరొకరు ఎక్కువ ఇస్తామన్నారని వెనక్కి తగ్గడమూ ప్రమాదమే. ఒప్పందం ప్రకారం అమ్మి తీరాలని కొనేవాళ్లు కోర్టుకు వెళ్లవచ్చు. 2018లో వచ్చిన సవరణ వారి చేతిని ఇంకా బలపరిచింది.

అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు పూర్తి సొమ్ము చేతికి రాకముందే రిజిస్ట్రేషన్ చేయడం. 'సంతకం పెట్టండి, నెల తర్వాతి తేదీకి చెక్కు ఇస్తున్నాం కదా' అంటారు. చట్టంలో అమ్మకం అంటే చెల్లించిన ధరకే కాదు, చెల్లిస్తామని మాట ఇచ్చిన ధరకూ హక్కును బదిలీ చేయడమే. రిజిస్టర్ అయితే ఇల్లు వాళ్లదవుతుంది. చెక్కు చెల్లకపోతే అమ్మినవాళ్లకు బాకీ వసూలు హక్కు మిగులుతుంది గాని, ఆ కారణంతో అమ్మకం రద్దు కాదు. సుప్రీంకోర్టు 2020 జూలైలో దహిబెన్ కేసులో ఇదే చెప్పింది. కాబట్టి డబ్బు ఖాతాలో పడిందని బ్యాంకు ద్వారా చూసుకున్నాకే సంతకం. తాళం చెవులు ఆ తర్వాతే.

నగదు విషయంలో మరీ జాగ్రత్త అవసరం. స్థిరాస్తి అమ్మకానికి సంబంధించి 20,000 రూపాయలు, అంతకు మించిన సొమ్మును నగదుగా తీసుకోవడం 2015 జూన్ 1 నుంచి నిషిద్ధం. తీసుకున్నంత మొత్తం జరిమానాగా పడవచ్చు.

విక్రయ దస్తావేజు బదులు జీపీఏ రాసిచ్చి డబ్బు తీసుకునే పద్ధతి ఒకప్పుడు బాగా నడిచింది. అలా యాజమాన్యం బదిలీ కాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. జీపీఏ ఇచ్చినా కాగితాల్లో యజమాని మీరే. ఆ ఆస్తి మీద వచ్చే పన్ను నోటీసులూ, తగాదాలూ మీ ఇంటికే వస్తాయి.

5. పన్ను లెక్క ముందే వేయాలి

అమ్మగా వచ్చినదంతా మనదే అనుకుని ఖర్చు పెట్టేసి, మరుసటి ఏడాది పన్ను కట్టడానికి అప్పు చేసే కుటుంబాలు ఉన్నాయి. ఇంటిని 24 నెలలకు మించి ఉంచుకుని అమ్మితే వచ్చే లాభాన్ని దీర్ఘకాలిక మూలధన లాభం అంటారు. 2024 జూలై 23న ఈ పన్ను పద్ధతి మారింది. అంతకు ముందు ద్రవ్యోల్బణం మేరకు కొన్న ధరను పెంచి, మిగిలిన లాభం మీద 20 శాతం పన్ను వేసేవారు. ఆ తేదీ నుంచి కొన్న ధరను పెంచకుండా 12.5 శాతం వేస్తారు. అయితే ఆ తేదీకి ముందే కొన్న ఆస్తి విషయంలో, దేశంలో నివసించే వ్యక్తులకు రెండు లెక్కల్లో ఏది తక్కువైతే అది కట్టే వీలు ఇచ్చారు.

రెండు ఊహా ఉదాహరణలు చూద్దాం. రెండు ఇళ్లూ 2024-25లో, జూలై 23 తర్వాత అమ్మినవే. ఆ ఏడాది ద్రవ్యోల్బణ సూచిక 363.

మొదటి ఇల్లు 2005-06లో 10 లక్షలకు కొన్నారు. అప్పటి సూచిక 117. అమ్మింది 70 లక్షలకు. కొత్త పద్ధతిలో లాభం 60 లక్షలు, పన్ను 7.5 లక్షలు. పాత పద్ధతిలో కొన్న ధర 10 × 363 ÷ 117, అంటే 31.03 లక్షలు. లాభం 38.97 లక్షలు, పన్ను 7.79 లక్షలు. ఇక్కడ కొత్త పద్ధతి మేలు.

రెండో ఇల్లు 2010-11లో 30 లక్షలకు కొన్నారు. అప్పటి సూచిక 167. అమ్మింది 60 లక్షలకు. కొత్త పద్ధతిలో లాభం 30 లక్షలు, పన్ను 3.75 లక్షలు. పాత పద్ధతిలో కొన్న ధర 30 × 363 ÷ 167, అంటే 65.21 లక్షలు. అమ్మిన ధర కంటే ఎక్కువ. కాబట్టి పన్ను సున్నా. రెండో లెక్క వేయనివాళ్లు 3.75 లక్షలు ఊరకే కట్టేవారు. వీటికి సెస్సు అదనం. లెక్క తేలిక కావడానికి దాన్ని వదిలేశాం.

కొన్న ధరతో పాటు ఆ తర్వాత కట్టిన గది ఖర్చు, అమ్మకంలో బ్రోకరుకు ఇచ్చిన కమీషను కూడా లెక్కలోకి వస్తాయి. అందుకు రశీదులు ఉండాలి. వారసత్వంగా వచ్చిన ఇంటికి మునుపటి యజమాని కొన్న ధరనే తీసుకుంటారు. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నదైతే ఆ తేదీ నాటి విలువను తీసుకోవచ్చు.

దస్తావేజులో ధర తగ్గించి రాస్తే పన్ను తప్పుతుందని కొందరి నమ్మకం. రాసిన ధర కంటే ప్రభుత్వ విలువ 10 శాతానికి మించి ఎక్కువ ఉంటే, ఆ ప్రభుత్వ విలువకే అమ్మినట్టు లెక్కగడతారు. మిగతా సొమ్ము నగదుగా తీసుకుంటే ఇంతకుముందు చెప్పుకున్న జరిమానా భయం ఉండనే ఉంది.

చట్టబద్ధంగా పన్ను తగ్గించుకునే దారులు ఉన్నాయి. అమ్మడానికి ఏడాది ముందు గాని, అమ్మాక రెండేళ్లలో గాని మరో ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా ఆ మేరకు మినహాయింపు ఉంది. రిటర్ను దాఖలు గడువులోగా ఆ సొమ్ము వాడకపోతే బ్యాంకులో మూలధన లాభాల ఖాతాలో వేయాలి. ఆ ఖాతా తెరవక మినహాయింపు పోగొట్టుకోవడం తరచుగా జరిగే పొరపాటు. మరో దారి, అమ్మిన ఆరు నెలల్లో నిర్ణీత ప్రభుత్వరంగ సంస్థల బాండ్లలో 50 లక్షల వరకు పెట్టడం. ఆ సొమ్ము ఐదేళ్లు తీయకూడదు.

ధర 50 లక్షలు, అంతకు మించితే కొనేవాళ్లు ఒక శాతం పన్ను ముందే తగ్గించి ప్రభుత్వానికి కడతారు. అది మన పాన్ మీద జమ అయిందో లేదో చూసుకోవాలి. అమ్మేవాళ్లు అమెరికాలోనో గల్ఫ్‌లోనో స్థిరపడిన ప్రవాసులైతే ఈ 50 లక్షల హద్దు వర్తించదు. తగ్గించే శాతమూ ఎక్కువే. తక్కువ తగ్గింపుకు అనుమతి పత్రం కోసం ఆదాయపు పన్ను శాఖకు ముందే దరఖాస్తు చేసుకోవాలి. సెలవు మీద పది రోజులకు వచ్చి ఇల్లు అమ్మేసి వెళ్దామనుకునేవారు ఈ సంగతి గమనించాలి.

పన్ను నియమాలు మారుతుంటాయి. 1961 నాటి చట్టం స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా పార్లమెంటు 2025లో కొత్త ఆదాయపు పన్ను చట్టం ఆమోదించింది. సెక్షన్ల నంబర్లు మారాయి. కాబట్టి అమ్మే ఏడాది నియమాలను ఆడిటరును అడిగి నిర్ధారించుకోవాలి. బయానా తీసుకున్నాక కాదు, ముందే అడగాలి.

ముఖ్యాంశాలు

• ధరను స్థలం, కట్టడం విడదీసి లెక్కించాలి. మనం కొన్న ధర, విన్న ధర కొలబద్దలు కావు.
• కర్ణాలతో సహా స్థలాన్ని కొలవాలి.
• వారసులందరి హక్కులు, ముఖ్యంగా ఆడపిల్లలవీ, మైనర్లవీ, ముందే చూడాలి.
• ఈసీలో పాత అప్పు కనిపిస్తే విడుదల పత్రం రిజిస్టర్ చేయించాలి.
• పూర్తి సొమ్ము ఖాతాలో పడ్డాకే రిజిస్ట్రేషన్, ఆ తర్వాతే స్వాధీనం.
• పన్నును రెండు పద్ధతుల్లోనూ లెక్కించి, చేతిలో మిగిలే సొమ్మెంతో తెలుసుకున్నాకే అమ్మాలో వద్దో నిర్ణయించాలి.

అభ్యాసం

1. మీ ఇంటి లేదా హాస్టల్ గది నేల నాలుగు భుజాలు, రెండు కర్ణాలు కొలవండి. రెండు పద్ధతుల్లో విస్తీర్ణం లెక్కించి తేడా చెప్పండి.
2. ఒక ఇల్లు 2005-06లో 20 లక్షలకు కొని 2024 డిసెంబరులో 65 లక్షలకు అమ్మారు. ఏ పద్ధతిలో పన్ను తక్కువ? ఎంత తక్కువ?
3. బ్రోకరుకు మొత్తం ధర మీద కాక, ఒక నిర్ణీత మొత్తానికి మించి వచ్చిన ధర మీద ఎక్కువ శాతం కమీషను ఇస్తే అతని ప్రవర్తన ఎలా మారవచ్చు? అందులో మంచి, చెడు రెండూ చర్చించండి.
4. మీ ఇంటి దస్తావేజును పెద్దల అనుమతితో చదవండి. అందులోని నాలుగు హద్దులు ఇప్పుడు నేల మీద అలాగే ఉన్నాయా? లేకపోతే ఏం మారిందో ఇంట్లో అడిగి రాసి ఉంచండి.